ఆ రోజు ఎత్తు

న్యూజెర్సీలో మన ఇండియన్ షాపులుండే ఓక్ ట్రీ రోడ్ మీద టీ తాగడానికి కూర్చుంటే ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. "మీరు ఐస్ హాకీ టీమ్‌లో పనిచేసేవారట కదా! మీకు హాకీ వచ్చా?"

రాదు. ఒకసారి స్టాఫ్ పార్టీలో బలవంతం చేస్తే స్కేట్స్ కట్టుకుని, గోడ పట్టుకుని నాలుగడుగులు వేసి, బతికుంటే బలుసాకు తినొచ్చనుకుని వచ్చి కూర్చున్నాను. అయినా ఆ ప్రొఫెషనల్ జట్టులో పదకొండేళ్ళు పనిచేశాను. చివరికి ఒక గురువారం పొద్దున, అందరి ముందూ, నా పని తప్పని నేనే చెప్పాను. మా స్నేహితుల్లో సగం మంది దాన్ని ఇప్పటికీ తెలివితక్కువ పనే అంటారు. "నీకెందుకొచ్చిన గొడవ, నోరు మూసుకుని ఉంటే రిటైర్మెంట్ దాకా లాగేదానివి కదా" అంటారు. వాళ్ళకు జవాబు చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. డేటా సైన్స్ అని రెజ్యూమెలో మొదటి లైన్‌లోనే రాసుకునే మీ తరం కోసం ఇది రాస్తున్నాను. సలహాలివ్వను. జరిగింది చెబుతాను, తేల్చుకోవడం మీ పని.

జట్టు పేరు మాత్రం అడక్కండి.

అంతకు ముందు జెర్సీ సిటీలో ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో డేటాబేస్ చూసేదాన్ని. అక్కడ లేఆఫ్ అయ్యాక ఆర్నెల్ల కాంట్రాక్టని హాకీ జట్టు ఆఫీసులో అడుగుపెట్టాను. ఆటగాళ్ళ వివరాలన్నీ ఒక చోట చేర్చి పెట్టడం పని. అంతకు ముందు అవి ఏడెనిమిది ఎక్సెల్ ఫైళ్ళలో, ఎవరికి తోచినట్టు వాళ్ళు నింపినట్టుగా ఉండేవి. చూడగానే నాకు ఒళ్ళు మండింది. మొదటి నెలలోనే అంతా కడిగి, తుడిచి, ఒక పద్ధతిలో పెట్టాను. ఆ కడగడంలోనే తప్పు చేశాను గానీ, ఆ సంగతి తెలియడానికి పదేళ్ళు పట్టింది.

డ్రాఫ్ట్ గురించి రెండు ముక్కలు చెప్పాలి. ప్రతి వేసవిలోనూ జట్లన్నీ ఒక చోట చేరి పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళను వంతులవారీగా ఎంచుకుంటాయి. మన వంతు వచ్చినప్పుడు ఒక పేరు చెబుతాం, వాడు మన జట్టుకు చెందుతాడు. ఆ పేరు మంచిదో కాదో తేలడానికి ఐదారేళ్ళు పడుతుంది. మామిడి టెంక పాతినట్టే. పాతినవాడు ఫలానా చెట్టని ప్రమాణం చేస్తాడు, కాపు వచ్చేనాటికి పాతినవాడు ఉద్యోగంలో ఉండడు.

ఆ పేర్లు వెతికిపెట్టేవాళ్ళు స్కౌట్లు. చలికాలమంతా చిన్న చిన్న ఊళ్ళలో, హాకీ ఆడే ఐస్ రింకుల్లో చెక్క బెంచీల మీద కూర్చుని పిల్లల ఆటలు చూస్తారు. మా జట్టుకు ఏడుగురుండేవారు. అందరిలోకీ పెద్దాయనకు డెబ్బై దగ్గరపడుతున్నాయి. ముప్ఫై ఏళ్ళుగా అదే పని. ఫ్లాస్కులో సూప్, చేతిలో నోటుపుస్తకం, తల మీద చెమట మరకల టోపీ. కంప్యూటర్ ముందు కూర్చునే ప్రతివాళ్ళనూ 'డాక్' అని పిలిచేవాడు. నాకు డాక్టరేట్ లేదు మహాప్రభో అని మూడుసార్లు చెప్పాను. "పర్లేదు డాక్, నేనెవరికీ చెప్పను" అన్నాడు. ఆ తర్వాత చెప్పడం మానేశాను.

జట్టు వరసగా ఓడిపోతున్న రోజుల్లో కొత్త యజమాని వచ్చాడు. రాగానే అడిగిన మొదటి పని ఇది: గత పదేళ్ళలో మనం ఎంచుకున్న కుర్రాళ్ళందరినీ ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. స్కౌట్లు ఎవర్ని ఎంచుకున్నారు, అదే చోట లెక్కల ప్రకారం వెళ్ళుంటే ఎవరు వచ్చేవారు, రెండూ పక్కపక్కన పెట్టి చూపించండి.

ఆ లెక్క కట్టే ప్రోగ్రాం రాసింది నేనే. చలికాలమంతా దాని మీదే కూర్చున్నాను. కుర్రాడి గోల్స్, ఆడిన లీగ్, వయసు, ఎత్తు, బరువు అన్నీ ఇస్తే అది ఒక ర్యాంకు ఇస్తుంది. ర్యాంకులంటే మనకు చెప్పాలా! ఎంసెట్ ర్యాంకుతోనే పక్కింటివాళ్ళు పలకరించాలో వద్దో తేల్చుకునే చోటి నుంచి వచ్చినదాన్ని. పదేళ్ళ డ్రాఫ్టులనూ దాని ముందు పెడితే ఏడాది తర్వాత ఏడాది స్కౌట్లను చిత్తు చేసింది. స్కౌట్లు తీసుకున్నవాడు ఇప్పుడు ఊళ్ళో ట్రక్కు నడుపుతుంటే, నా ప్రోగ్రాం చెప్పినవాడు వేరే జట్టులో స్టార్‌గా ఉన్నాడు. నా మేనేజరు, ముప్ఫై ఐదేళ్ళవాడు, కాగితం చూసి నా డెస్కు మీద చేత్తో దరువేశాడు. "ఇది మన జీవితాలు మార్చేస్తుంది" అన్నాడు.

మార్చబోయేది ముందుగా స్కౌట్ల జీవితాలనని వారం తర్వాత తెలిసింది. ఏడుగురిలో ఐదుగురిని తీసేసి, వీడియోలూ నా ప్రోగ్రామూ పెట్టుకుని నడిపించాలని పైవాళ్ళ ఆలోచన. పెద్దాయన పేరు జాబితాలో మొదట ఉంది. మా జట్టు చరిత్రలో అందరూ నవ్వుకునే ఒక ఎంపిక ఆయనది. ఆయన పట్టుబట్టి మొదటి వంతులోనే తీసుకోమన్న కుర్రాడు పెద్ద జట్టులో ఒక్క ఆట కూడా ఆడలేదు. నా రిపోర్టులో రెండో పేజీ అదే.

నాకు జాలి కలిగిందా? అబద్ధం ఎందుకు, అప్పుడు కలగలేదు. గర్వంగా ఉండింది. యాభై ఎనిమిదేళ్ళ వయసులో, హాకీ కర్ర ఏ చేత్తో పట్టుకోవాలో తెలియని ఆడదాన్ని, ముప్ఫై ఏళ్ళ అనుభవాన్ని ఓడించానన్న గర్వం.

రిపోర్టు చూపించాల్సిన గురువారానికి ముందు శుక్రవారం పెద్దాయన నా డెస్కు దగ్గరికి వచ్చాడు. కబురు ఆయన దాకా చేరిందని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"నా పేజీ ఒకసారి చూడొచ్చా డాక్?"

చూపించకూడదు. చూపించాను. ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని తను ఎంచుకున్న కుర్రాడి పేరు మీద వేలుపెట్టాడు. "వీడి విషయంలో నేనే తప్పు. వాడి నాన్నతో ఆడాను. మంచివాడు. కొడుకులో తండ్రిని చూశాను. సిగ్గుపడాల్సిందే." వేలు పక్కకు జరిపి, నా ప్రోగ్రాం ఎంచుకున్న కుర్రాడి మీద ఆపాడు. "ఇదేంటి, ఆరడుగుల రెండంగుళాలా?"

"అవును. లీగ్ వాళ్ళు పంపిన లెక్కే."

"నేను చూసిన రోజు ఐదు పదకొండు. బక్కపలచగా, గాలేస్తే పడిపోయేట్టు ఉండేవాడు."

"అంత కచ్చితంగా గుర్తుందా?"

"గుర్తెందుకు? రాసుకున్నాను."

ఆయన పద్ధతి అప్పుడు చెప్పాడు. ఏ ఊళ్ళో ఆట చూడ్డానికి వెళ్ళినా ముందుగా రింకు వెనక గుమ్మం దగ్గరికి వెళ్ళి, తలుపు చట్రం మీద సరిగ్గా ఆరడుగుల ఎత్తున హాకీ కర్రకు చుట్టే తెల్ల టేపు ముక్క అంటిస్తాడట. పిల్లలు బస్సు దిగి లోపలికి వస్తుంటే ఒక్కొక్కడి తల టేపుకు ఎంత పైనుందో, ఎంత కిందుందో చూసి రాసుకుంటాడట. "బూట్లతో వచ్చేటప్పుడే చూడాలి డాక్. స్కేట్స్ కట్టుకుంటే ప్రతివాడూ రాక్షసుడే."

నాకు నవ్వొచ్చింది. ఉద్యోగం పోతోందని పాపం ఈకలకు తోకలు కడుతున్నాడనుకున్నాను. ఆయన వాదించలేదు. బ్రెడ్డు కవరులో పెట్టుకొచ్చిన పాత నోటుపుస్తకాలు నా డెస్కు మీద పెట్టి వెళ్ళాడు. కవరు అడుగున వాడి వాడి సగమైన టేపు చుట్ట కూడా ఉంది.

ఆదివారం పొద్దున మా వంటింటి బల్ల మీద వాటిని తెరిచాను. చదవాలని కాదు, సోమవారం మర్యాదగా తిరిగిచ్చేటప్పుడు చూశానని చెప్పడానికి. ప్రతి పేజీలోనూ వరసగా తేదీ, ఊరు, కుర్రాడి పేరు, ఎత్తు, చివర ఒకే మాట: 'అవును' లేదా 'వద్దు'. ల్యాప్‌టాప్‌లో నా పట్టిక తెరిచి పక్కన పెట్టుకున్నాను. మొదటి పేరు, నా పట్టికలో రెండంగుళాలు ఎక్కువ. రెండోది, ఒకటిన్నర అంగుళం ఎక్కువ. మూడోది సరిగ్గా సరిపోయింది. నాలుగోది మూడంగుళాలు ఎక్కువ. ముసలాయన చూపు మందగించిందనుకుందామంటే కొందరివి వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోతున్నాయి. ఎవరివి సరిపోతున్నాయా అని చూశాను. సరిపోయినవాళ్ళంతా ఆట మానేసి వెళ్ళిపోయినవాళ్ళు. సరిపోనివాళ్ళంతా పెద్ద జట్లకు ఎదిగినవాళ్ళు.

మొదటి పేజీకి వెళ్ళి మళ్ళీ సరిచూశాను. అదే వరస.

పొయ్యి దగ్గర పెసరట్లు వేస్తున్న మా ఆయన వెనక్కి తిరిగి చూశాడు. ఆయనది కరీంనగర్, నాది గుంటూరు. ముప్ఫై ఏళ్ళయినా ఎవరి భాష వాళ్ళదే.

"ఏమైంది, గట్ల కూసున్నవ్? చాయ్ చల్లారిపోతున్నది."

"కొంప మునిగిందండీ."

చెప్పాను. లీగ్ నుంచి ప్రతి వారం ఆటగాళ్ళ తాజా ఎత్తూ బరువూ వస్తాయి. వచ్చినప్పుడల్లా పాతది చెరిపేసి కొత్తది రాసేలా నేనే చేశాను, చేరిన మొదటి నెలలో. ఇన్సూరెన్స్‌లో అదే పద్ధతి. మనిషి ఇల్లు మారితే పాత అడ్రసు తీసేయాలి, లేకపోతే చెక్కు పాత ఇంటికి పోతుంది. ఆ అలవాటే ఇక్కడికి తెచ్చాను. కానీ పద్దెనిమిదేళ్ళ కుర్రాడు ఇంకా పెరుగుతాడు. ఆటలో పైకి వెళ్ళినవాణ్ణి ఏటా కొలుస్తారు, వాడి ఎత్తు నా పట్టికలో పెరుగుతూ పోతుంది. మానేసి ట్రక్కు ఎక్కినవాణ్ణి ఎవరూ కొలవరు, వాడు పద్దెనిమిదేళ్ళ దగ్గరే ఆగిపోతాడు. నా ప్రోగ్రాం ఎంచుకున్నదల్లా ఎదిగినవాళ్ళనే. ఎదిగారని దానికి ముందే తెలుసు కాబట్టి!

మా ఆయన అట్లకాడతో నా వైపు చూపించాడు. "అంటే పరీక్ష రాసేటోనికి ఆన్సర్ షీట్ ముందే ఇచ్చినవన్నట్టు."

"ఊఁ."

"మనింట్ల పేపర్ లీక్ చేసినామె ఉన్నదని నాకిన్నేండ్లు ఎరుకనే లేదు."

"అట్టు మాడిపోతోంది, చూసుకోండి ముందు."

తిప్పేసి, నవ్వడం మానేసి అడిగాడు. "మరి చెప్తవా?"

"చెప్పకపోతే ఏమవుతుంది?"

"ఏం గాదు. ఎవ్వరికీ ఎరుక గాదు. ముసలాయన పోతడు, నువ్వుంటవ్."

ఆయన అంత మామూలుగా అనేసరికి ల్యాప్‌టాప్ మూసేశాను. నాకు వీసా భయం అని చెప్పుకోవడానికి కూడా వీల్లేదు, సిటిజన్‌షిప్ వచ్చి ఏళ్ళయింది. భయమంతా పరువు గురించే. చలికాలమంతా కష్టపడి కట్టిన మేడకు పునాది లేదని ఎవరికైనా చెప్పాలంటే నోరు రాదు.

సోమవారం ఆఫీసు బేస్‌మెంట్‌లో పాత డ్రాఫ్టుల అచ్చు కాగితాలు వెతికించాను. అందులో ఆనాటి ఎత్తులున్నాయి. నోటుపుస్తకంతో దాదాపుగా కలిశాయి. వాటితో ప్రోగ్రాం మళ్ళీ నడిపాను. కొన్నేళ్ళు అది గెలిచింది, కొన్నేళ్ళు స్కౌట్లు గెలిచారు. ఎవరూ ఎవర్నీ చిత్తు చేయలేదు. మంగళవారం మేనేజరుకు చూపించాను.

అతను చెడ్డవాడు కాడు. అది ముందే చెబుతున్నాను, కథలో విలన్ కావాలనుకునేవాళ్ళు వేరే చోట వెతుక్కోండి. అతను రెండుసార్లు చదివి, తలుపు మూసి వచ్చాడు.

"మీ మోడల్ ఇది. మీ చేతులతో మీరే కూల్చేస్తారా?"

"కూలిందే అది. నేను చూశానంతే."

"యజమాని ఒప్పేసుకున్నాడు. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే మన డిపార్ట్‌మెంటే ఉండదు. ఒక పని చేద్దాం. ఫుట్‌నోట్ పెట్టండి. నిజం దాచినట్టూ ఉండదు, ప్రెజెంటేషన్ ఆగినట్టూ ఉండదు."

పెట్టాను. అవును, పెట్టాను. చివరి పేజీలో, అన్నిటికంటే కింద, చీమ తలకాయంత అక్షరాల్లో: 'శరీర కొలతలు తర్వాతి కాలంలో సవరించబడి ఉండవచ్చు.' రాసిన ఇంగ్లీషు వాక్యం ఇంకా చప్పగా ఉంది. అబద్ధం చెప్పడం కంటే నిజాన్ని అలా చెప్పడం నీచమని ఇప్పుడంటాను. ఆ రోజు మాత్రం ఇంటికి డ్రైవ్ చేస్తూ, నా బాధ్యత తీరిందని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

గురువారం పొద్దున సమావేశం గది. పొడవాటి బల్ల చివర యజమాని, పక్కన మేనేజరు, గోడ వారగా ఏడుగురు స్కౌట్లు. తమ గురించి ఏం చెబుతారో వినమని వాళ్ళను కూడా పిలిపించారు. పెద్దాయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆయన జుట్టు అంత పలచగా ఉంటుందని నాకు అంతవరకూ తెలియదు. నోటుపుస్తకాల కవరు తిరిగిద్దామని నా హ్యాండ్‌బ్యాగ్ పక్కనే పెట్టుకున్నాను.

రెండో పేజీ తెర మీదికి వచ్చింది. ఎడమవైపు ఆయన ఎంచుకున్న కుర్రాడు, కుడివైపు నా ప్రోగ్రాం ఎంచుకున్న స్టార్. గదిలో ఎవరో చిన్నగా నవ్వారు. పెద్దాయన తల దించుకోలేదు, తెర వంకే చూస్తున్నాడు.

యజమాని నా వైపు తిరిగాడు. "ఇది మీరు తయారు చేశారటగా. ఆ రోజు ఇది మన చేతిలో ఉండుంటే ఈ కుర్రాడు మనకు వచ్చేవాడు. అంతేనా?"

అవునంటే చాలు. ఒక్క మాట. మేనేజరు నా వంక చూసి తలూపాడు.

"కాదు" అన్నాను.

లేచి నిలబడ్డాను. కాగితాలు, లెక్కలు ఏమీ నోటికి రాలేదు. కవరులోంచి ఆ టేపు చుట్ట తీశాను. తలుపు దగ్గరికి వెళ్ళి పెద్దాయన్ని అడిగాను. "ఆరడుగుల రెండంగుళాలు ఎక్కడుంటుంది?"

ఆయన లేచి వచ్చి కొలబద్ద లేకుండానే తలుపు చట్రం మీద వేలుతో చూపించాడు. ఐదడుగుల ఒక అంగుళం మనిషిని, కింద నుంచి అంటిస్తే టేపు వంకర పోతుంది. కుర్చీ లాక్కుని ఎక్కాను. చక్రాల కుర్చీ! అది జారబోతే పెద్దాయన రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. పైన ఒక ముక్క అంటించాను. దిగి, ఆయన చూపించిన చోట, ఐదు పదకొండు దగ్గర ఇంకో ముక్క అంటించాను.

"కింద టేపు, డ్రాఫ్ట్ రోజున ఆ కుర్రాడు. పై టేపు, ఇప్పటి స్టార్. స్కౌట్లు కింద టేపు చూసి నిర్ణయం తీసుకున్నారు. నా ప్రోగ్రాం పై టేపు చూసి తీసుకుంది. ఎవరు పెరుగుతారో దానికి ముందే నేను చెప్పేశాను. కావాలని చేయలేదు. కానీ చేసింది నేనే. వచ్చే వేసవిలో నిజమైన పిల్లల్ని దీని ముందు నిలబెడితే ఇది ఇలా గెలవదు. ఈ కాగితం చూసి ఎవర్నైనా తీసేయాలంటే ముందు నన్ను తీసేయాలి."

మేనేజరు కలగజేసుకున్నాడు. "ఈ విషయం ఫుట్‌నోట్‌లో ఉంది."

యజమాని చివరి పేజీ తిప్పాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "దీన్ని చదవాలంటే భూతద్దం కావాలి. ఎవరు రాశారిది?"

"నేనే. అది నా రెండో తప్పు."

"ఎప్పట్నుంచి తెలుసు?"

"ఆదివారం నుంచి."

ఆయన తలుపు మీది రెండు టేపు ముక్కల వంక చూశాడు. తర్వాత ఫైలు మూసి, కాఫీ తాగుదామని లేచాడు. ఆ వేసవిలో ఏ స్కౌటూ ఇంటికి వెళ్ళలేదు.

కథ ఇక్కడితో సుఖాంతం అంటే బాగుండేది. మరుసటి ఏడాది ఇద్దరు స్కౌట్లను ఎలాగూ తీసేశారు, వేరే కారణం చెప్పి. పెద్దాయన తనంతట తను మానేసేదాకా ఉన్నాడు. నన్ను ఆరు వారాల్లో పంపించేశారు. రీస్ట్రక్చరింగ్ అన్నారు. ఆ కాగితం ఇచ్చేటప్పుడు మేనేజరు నా ముఖం చూడలేకపోయాడు. నేను మాత్రం అతని ముఖమే చూశాను.

ఆ ఆరు వారాలూ నేను ఖాళీగా కూర్చోలేదు. పట్టికలో కొత్త గడి ఒకటి పెట్టాను. దాని పేరు 'ఆ రోజు ఎత్తు'. ఒకసారి రాస్తే ఇక ఎవరూ చెరపడానికి వీల్లేకుండా తాళం వేశాను. పెద్దాయన తన ముప్ఫై ఏళ్ళ పుస్తకాలూ మోసుకొచ్చి పక్కన కూర్చుని చదువుతుంటే నేను టైపు చేశాను. ప్రోగ్రాం మీద నాకు నమ్మకం పోలేదు, ఇప్పటికీ ఉంది. లెక్క తప్పు చేయలేదు, దానికి నేను పెట్టిన తిండి తప్పు. లెక్కల్ని తిట్టేవాళ్ళకూ, కళ్ళను ఎగతాళి చేసేవాళ్ళకూ నేను ఒకే సమాధానం చెబుతాను: ఏ రోజు చూశారో ఆ రోజు రాసుకోండి. తర్వాత తెలిసినదాన్ని తెచ్చి, ముందే తెలిసినట్టు పోజు పెట్టకండి.

చివరి రోజు అట్టపెట్టె పట్టుకుని వెళ్తుంటే పెద్దాయన కారిడార్‌లో నన్ను ఆపాడు.

"గోడకు ఆనుకుని నిలబడు డాక్."

"ఎందుకు?"

"నిలబడు ముందు. చెప్పులు ఉంచుకోవచ్చు."

నిలబడ్డాను. నా తల మీదుగా గోడకు టేపు ముక్క అంటించి, పుస్తకం తీసి రాసుకున్నాడు. తేదీ, ఊరు, ఐదడుగుల ఒక అంగుళం. చివర ఒక మాట. తొంగి చూడబోతే పుస్తకం మూసేశాడు.

"'అవును' అని రాశారా, 'వద్దు' అనా?"

"డ్రాఫ్ట్ సంగతి నీకు తెలుసుగా. ఐదేళ్ళు ఆగాలి."

ఆ ఐదేళ్ళూ నిండాయి. నేను ఫోన్ చేసి అడగలేదు. నాకు అడగాల్సిన అవసరం లేదు.

మొన్న ఏడాదికోసారి చేసే చెకప్‌కి వెళ్తే నర్సు నన్ను కొలిచి, స్క్రీన్ మీద పాత నంబరు చెరపబోయింది. అర అంగుళం తగ్గానట. వయసు మీద పడితే మామూలేనట. నేను ఆమె చేయి పట్టుకుని ఆపాను.

"కొత్తది పక్కన రాసుకోమ్మా. పాతది మాత్రం చెరపొద్దు."